కన్నవారు పరదేశులైతే...

మా తెనాలిలో మా వీధి చివర పెంకుటింట్లో ఉండే హెడ్మాస్టరుగారు నాకు ఆరో తరగతిలో తెలుగు చెప్పినవారు. ఆయన రిటైరై ఇరవై ఏళ్ళు కావస్తున్నది. నేను కాలేజీలో నలుగురికి పాఠాలు చెప్పుకుంటూ, తల నెరుస్తున్నా, ఆయన దృష్టిలో ఇంకా వెనకబెంచీ కుర్రవాణ్ణే. మొన్న ఒక సాయంత్రం మనిషిచేత కబురంపారు. వెళ్ళేసరికి వరండాలో పడకకుర్చీలో కూర్చుని, చేతిలో ఒక కాయితం పట్టుకుని, దాన్ని పరీక్షపత్రం చూసినట్టు చూస్తున్నారు.

"ఏరా, ఇది చదివి పెట్టు. మా పెద్దవాడు అమెరికానుంచి పంపాడు" అన్నారు.

పెద్దవాడు నాకంటే రెండేళ్ళు చిన్న. అక్కడ పదిహేడేళ్ళనుంచీ ఉన్నాడు. ఇంజనీరు. ఈమధ్యనే ఆ దేశపు పౌరసత్వం పుచ్చుకున్నాడు. అతను పంపినవి ప్రశ్నలు. నాన్నగారి పూర్తిపేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, ఏ దేశపు పౌరులు, ఏం పనిచేశారు, ప్రభుత్వంతోగాని సైన్యంతోగాని సంబంధం ఉన్నదా, ఎన్నాళ్ళకొకసారి మాట్లాడుకుంటారు... అమ్మ గురించి మళ్ళీ ఇవే. తమ్ముడి గురించి ఇవే. అత్తగారు, మామగారి గురించీ ఇవే.

"పుట్టిన తేదీ అంటే ఏది రాయమంటావు? బళ్ళో వేయించినదా, మా అమ్మ చెప్పిన తిథా?" అన్నారు మాస్టారు నవ్వబోయి. నవ్వు సగంలో ఆగిపోయింది. "అది సరే, ఆ పైన ఏమున్నదో చదువు."

పైన ఉన్నది: విదేశీ పౌరులైన బంధువుల వివరాలు.

"తెనాలి వదిలి నెల్లాళ్ళు ఎక్కడా ఉన్నవాణ్ణి కాను. నేను విదేశీయుణ్ణయ్యానుట్రా?"

గుమ్మంలో నిలబడ్డ పిన్నిగారు అసలు సంగతి అడిగారు. "బాబూ, వాడి ఉద్యోగానికి మేమే అడ్డమేమో చూసి చెప్పు. ఆదివారం ఆదివారం వాడు ఫోను చేస్తాడు. పోనీ కొన్నాళ్ళు మానెయ్యమని చెప్పమంటావా?"

ఇంకా ఒక చిక్కున్నది. చిన్నబ్బాయి హైదరాబాదులో కేంద్రప్రభుత్వంవారి రక్షణ పరిశోధనశాల ఒకదానిలో పనిచేస్తున్నాడు. పిన్నిగారి తమ్ముడు అప్పటికే ఒక సలహా పారేసి వెళ్ళాడట: "చిన్నవాడి ఉద్యోగం సంగతి రాయకండి. ఏదో ప్రైవేటు కంపెనీ అని రాస్తే సముద్రాలవతల ఎవడు చూడొచ్చాడు?"

నేను ఆ కాయితం ఇంటికి తెచ్చుకుని, వారంరోజులు కూర్చుని సంబంధించిన నిబంధనలు, తీర్పులు చదివాను. మన వీధుల్లో ఇలాంటి తల్లిదండ్రులు ఈనాడు ఎందరో ఉన్నారు గనుక, తెలిసినది నలుగురితో చెప్పుకోవడం మంచిదనిపించింది.

ఏమిటీ అనుమతి?

అమెరికాలో ప్రభుత్వ రహస్యాలతో పనిపడే ఉద్యోగం చేయాలంటే సెక్యూరిటీ క్లియరెన్సు అనే భద్రతా అనుమతి ఉండాలి. కాన్ఫిడెన్షియల్, సీక్రెట్, టాప్ సీక్రెట్ అని మూడు అంతస్తులు. ప్రభుత్వోద్యోగులకూ, సైనికులకూ మాత్రమే కాదు. రక్షణశాఖకు విమానాలో, యంత్రాలో, కంప్యూటరు పనో చేసిపెట్టే ప్రైవేటు కంపెనీల ఉద్యోగులకూ ఇది కావాలి. చాలా అరుదైన సందర్భాల్లో తప్ప ఇది ఆ దేశ పౌరులకే ఇస్తారు. మాస్టారి అబ్బాయికి ఇన్నాళ్ళూ లేని ప్రశ్నలు ఇప్పుడెందుకు వచ్చాయంటే, పౌరసత్వం వచ్చాక గాని ఈ గుమ్మం దాకా రావడానికి వీలులేదు.

దరఖాస్తుకు ఎస్.ఎఫ్.86 అని ఒక ప్రశ్నావళి ఉన్నది. అచ్చు వేస్తే నూరు పుటలు దాటుతుంది. ఎక్కడెక్కడ కాపురమున్నావు, ఎవరి దగ్గర పనిచేశావు, అప్పులేమైనా ఉన్నాయా, తాగుడున్నదా, పోలీసు కేసులున్నాయా అన్నీ అడుగుతారు. అందులో బంధువులకు ఒక భాగం ప్రత్యేకం. తల్లి, తండ్రి, సవతి తల్లి, సవతి తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, బిడ్డలు, అత్తగారు, మామగారు వరసన ఉంటారు. చనిపోయినవారినీ రాయాలి.

మన వరసలన్నీ ఆ జాబితాలో పట్టవు. మేనమామా, మేనత్తా, బాబాయీ, పిన్నీ అందులో లేరు. అంతమాత్రాన వారు తప్పించుకున్నట్టు కాదు. దాని తరవాతి భాగంలో, గడిచిన ఏడేళ్ళలో ప్రేమవల్లగాని, పలుకుబడివల్లగాని, ఉమ్మడి ప్రయోజనాలవల్లగాని, ఋణపడి ఉండటంవల్లగాని నీతో దగ్గరి సంబంధమున్న విదేశీయులెవరు అని అడుగుతారు. చిన్నప్పుడు ఇంట్లో ఉంచుకుని చదువు చెప్పించిన మేనమామ అక్కడికి వస్తాడన్నమాట.

ఆపైన విదేశాల్లో ఉన్న ఆస్తులు, బ్యాంకులో సొమ్ము, చేసిన ప్రయాణాలు. ఊళ్ళో నాన్నగారి పేరన ఉన్న ఎకరం చెక్క మాటేమిటి అని మాస్టారు అడిగారు. ముందుముందు వారసత్వంగా రాబోయేదీ ప్రశ్నలలో ఉన్నది.

ప్రేమకూ భద్రతకూ ఏమి సంబంధం?

అనుమతి ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి 13 సూత్రాలు పెట్టుకున్నారు. ఇప్పుడు నడుస్తున్నవి 2017 జూన్ నుంచి అమలులోకి వచ్చాయి. అందులో రెండోది విదేశీ ప్రభావం. దాని ఆలోచన ఇది: ఒక మనిషి మంచివాడే కావచ్చు, దేశభక్తుడే కావచ్చు, కాని అతను ప్రాణంగా చూసుకునే తల్లి మరొక ప్రభుత్వపు చేతికి అందే చోట ఉన్నది. రేపు ఎవరో ఆ తల్లిని పట్టుకుని, "ఫలానా కాయితం తెస్తావా, లేక..." అంటే ఇతనేం చేస్తాడు?

బెదిరింపే అక్కరలేదు. అభిమానం చాలు. రాబర్ట్ కిమ్ అని దక్షిణ కొరియాలో పుట్టి అమెరికా పౌరుడైన ఒక పెద్దమనిషి, అమెరికా నౌకాదళపు గూఢచారి విభాగంలో పనిచేసేవాడు. ఆయన కొరియా దౌత్యకార్యాలయంలోని నౌకాదళాధికారికి రహస్యపత్రాలు అందించినందుకు 1996లో అరెస్టయి, మరుసటి ఏడు తొమ్మిదేళ్ళ శిక్ష పొందాడు. దక్షిణ కొరియా అమెరికాకు శత్రువు కాదు, ఆప్తమిత్రుడు. అందుచేత "మాది స్నేహదేశమే గదా" అన్నంత మాత్రాన ప్రశ్నలు ఆగిపోవు.

ఇటువంటి జాగ్రత్త ఒక్క అమెరికాకే ఉన్నదనుకోనక్కరలేదు. మన దేశంలోనూ విదేశాంగ సర్వీసులో ఉన్నవారు విదేశీయులను పెళ్ళాడదలిస్తే ముందుగా ప్రభుత్వానుమతి పొందాలి.

ఒక తండ్రి, ఒక వార్తాపత్రిక

ఐతే, ఈ జాగ్రత్త హద్దు మీరిన రోజులూ ఉన్నాయి. 1953లో మిషిగన్ రాష్ట్రంలో మైలో రాడులోవిచ్ అనే 26 ఏళ్ళ యువకుడు ఉండేవాడు. విమానదళంలో వాతావరణశాస్త్రం పనిచేసి, రిజర్వులో లెఫ్టినెంటుగా ఉంటూ, విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నాడు. పెళ్ళయి ఇద్దరు పిల్లలు. ఒకనాడు అతనికి నోటీసు వచ్చింది: నీవల్ల దేశభద్రతకు ప్రమాదమున్నది, కమిషను వదులుకో అని.

అతను చేసిన నేరమేమిటి? ఏమీ లేదు. అతని విధేయతను ఎవరూ శంకించలేదు. తప్పల్లా తండ్రితోనూ, అక్కచెల్లెళ్ళలో ఒకామెతోనూ సంబంధం తెంచుకోకపోవడం. ఆమెకు కమ్యూనిస్టు సానుభూతి ఉన్నదన్నారు. తండ్రి సెర్బియానుంచి వలస వచ్చి, మోటారుకార్ల కర్మాగారంలో పనిచేసే కార్మికుడు. ఆయన తన భాషలో వచ్చే ఒక పత్రిక తెప్పించుకునేవాడు. ఆ పత్రికది కమ్యూనిస్టు ధోరణి. ఆ పత్రికవాళ్ళు పండుగకు పంపే క్యాలెండరు బాగుంటుందని తెప్పించుకుంటున్నానని ఆ ముసలాయన చెప్పుకున్నాడు. పరదేశంలో ఉన్నవాడికి సొంతభాషలో అచ్చయిన కాయితం మీద ఎంత మమకారముంటుందో, ఢిల్లీలోనో బొంబాయిలోనో తెలుగు వారపత్రికకోసం ఎదురుచూసినవారికి చెప్పనక్కరలేదు.

విచారణ జరిగింది. ఆరోపణలకు ఆధారాలు ఒక కవరులో ఉన్నాయన్నారు. కవరు విప్పి చూపలేదు. కన్నతండ్రిని వదులుకోమంటే తాను వదులుకోనని కొడుకు నిలబడ్డాడు. అతని కథను ఎడ్వర్డ్ ఆర్. మర్రో అనే ప్రసిద్ధ పాత్రికేయుడు 1953 అక్టోబరు 20న టెలివిజనులో దేశమంతటికీ చూపించాడు. జనం కదిలారు. అయిదు వారాలు తిరిగేసరికి విమానదళ కార్యదర్శి స్వయంగా ప్రకటించాడు, అతన్ని కమిషనులో ఉంచుతున్నామని.

అదే సంవత్సరం మరొకరి గతి వేరుగా పట్టింది. విలియం గ్రీన్ అనే విమాన ఇంజనీరు ఒక కంపెనీలో పెద్ద అధికారి. ఆయన అనుమతిని రద్దుచేశారు. ముఖ్యమైన ఆరోపణలలో ఒకటి ఆయన మొదటి భార్య రాజకీయాల గురించి. ఆమెతో విడాకులై అప్పటికే ఆరేళ్ళయింది! అనుమతి పోయేసరికి ఉద్యోగం పోయింది. చివరికి పాత జీతంలో నాలుగోవంతుకు డ్రాఫ్ట్స్‌మన్‌గా కుదురుకోవలసివచ్చింది. తనమీద సాక్ష్యం చెప్పినవారెవరో ఆయనకు తెలియనివ్వలేదు. వారిని ప్రశ్నించే అవకాశమూ లేదు. ఆరేళ్ళు పోరాడాక, 1959లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పుచెప్పింది. ఎదుటపడని సాక్షుల మాటమీద మనిషి బ్రతుకుతెరువు తీసివేసే పద్ధతికి తగిన అధికారం ఎవరూ ఇవ్వలేదన్నది.

దాని ఫలితంగా 1960 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఒక ఉత్తర్వు జారీచేశాడు. ప్రైవేటు కంపెనీలో పనిచేసేవానికి అనుమతి నిరాకరించదలిస్తే కారణాలు వ్రాసి ఇవ్వాలి, జవాబు చెప్పుకోనివ్వాలి, న్యాయవాదిని పెట్టుకోనివ్వాలి, విచారణ జరపాలి. మాస్టారి అబ్బాయికి ఈనాడున్న రక్షణకు పునాది ఆ ఉత్తర్వే.

త్రాసులో ఏమేమి వేస్తారు?

ఇప్పుడు పద్ధతి ఇలా ఉన్నది. ఫలానా దేశంలో బంధువులుంటే అనుమతి ఇవ్వరాదు అనే నిషేధం ఏదీ లేదు. అమ్మానాన్నలతో మాట్లాడటం తప్పని ఎక్కడా వ్రాయలేదు. బంధుత్వంవల్ల మామూలుకు మించిన ప్రమాదం ఉన్నదా అని చూస్తారు. ఉన్నదనిపిస్తే, దాన్ని తేలికపరిచే సంగతులు చూపుకోవలసిన బరువు దరఖాస్తుదారు మీదనే ఉంటుంది.

మొదట దేశం. ఆ ప్రభుత్వం ఎటువంటిది, అమెరికాతో దాని సంబంధమెలా ఉన్నది, పరాయి రహస్యాలకోసం గూఢచారులను పంపే అలవాటున్నదా, అక్కడ ఉగ్రవాదులున్నారా అన్నవి చూస్తారు. అమెరికాతో వైరంగా ఉన్న దేశంలో తల్లిదండ్రులుంటే కొడుకు మోయవలసిన బరువు చాలా ఎక్కువ. మన దేశం ప్రజాస్వామ్యం కావడం, రెండు దేశాలకూ స్నేహముండటం అనుకూలంగా లెక్కకు వస్తాయి. కాని అక్కడితో ప్రశ్నలు ముగియవు.

రెండోది, బంధువులు ఏం చేస్తారు? రిటైరైన బడిపంతులు ఒక రకం, ప్రభుత్వ రక్షణశాఖలో ఉద్యోగి మరొక రకం. చిన్నబ్బాయి సంగతి ఇక్కడ వస్తుంది. అతని ఉద్యోగం అన్నగారికి మరికొన్ని ప్రశ్నలు తెచ్చిపెడుతుంది. దానంతటదే తలుపు మూసెయ్యదు.

మూడోది, రాకపోకలు. అరుదుగా, పొడిపొడిగా మాట్లాడే దూరపు చుట్టమైతే అంత పట్టించుకోరు. తల్లిదండ్రుల విషయంలో ఈ వాదం చెల్లదు. కన్నవారిమీద ప్రేమ ఉంటుందనే అనుకుంటారు. భార్య తల్లిదండ్రులమీద అల్లుడికి మమకారం ఉంటుందనీ అనుకుంటారు. లేదంటే లేదని అతనే చూపుకోవాలి. (మన అల్లుళ్ళను చూసి రాసిన నిబంధన కాదు లెండి!)

కనుక పిన్నిగారు ఆదివారం ఫోను మానేస్తే ఒరిగేదేమీ లేదు. పదిహేడేళ్ళు వారంవారం మాట్లాడిన తల్లి ఒక్కసారిగా మానేసిందంటే, ఎందుకు మానేసిందని కొత్త ప్రశ్న పుట్టుకొస్తుంది.

ఇక త్రాసు రెండో సిబ్బె. అతను అక్కడ ఎన్నాళ్ళనుంచి ఉన్నాడు, భార్యాబిడ్డలెక్కడ, ఇల్లెక్కడ, సంపాదనంతా ఎక్కడ పెట్టుకున్నాడు? ఆ దేశంలో వేళ్ళు ఎంత లోతుగా దిగాయి? ఊళ్ళో ఎకరం పొలానికీ, అక్కడి ఆస్తికీ పోలిక ఎంత? ఇవన్నీ అతని పక్షాన పడే బరువులు.

పౌరసత్వం మాటకు వస్తే, మన రాజ్యాంగం రెండు దేశాల పౌరసత్వం ఒప్పుకోదు. అమెరికా పౌరుడైన క్షణాన భారత పౌరసత్వం పోతుంది. ఓ.సీ.ఐ. కార్డు అని 2005నుంచి ఇస్తున్నది పేరుకు పౌరసత్వం వంటిదైనా నిజానికి కాదు. దానితో ఓటు లేదు, సాగుభూమి కొనుక్కోవడానికి వీలులేదు. అయినా అది ఉన్నదని దాచక చెప్పాలి.

కారణాలు వ్రాసిన కాయితం చేతికి వస్తే జవాబుకు 20 రోజుల గడువు. కావాలంటే న్యాయాధికారి ఎదుట విచారణ. ఈ తీర్పులను పేర్లు తొలగించి ప్రభుత్వమే ప్రకటిస్తుంది. కన్నవారు మన దేశంలో ఉన్నవారి కేసులూ వాటిలో ఉన్నాయి: అనుమతి దొరికినవీ, దొరకనివీ.

ఒక్క సంగతి మరచిపోకూడదు. ఇది ఎవరికీ హక్కు కాదని 1988లో సుప్రీంకోర్టు నౌకాదళానికి సంబంధించిన ఈగన్ కేసులో చెప్పింది. అనుమానం మిగిలితే దేశభద్రతవైపే మొగ్గుతారు. కాబట్టి ఏ తప్పూ చేయని మనిషికి కూడా రాకపోవచ్చు. రాకపోయినంత మాత్రాన అతన్ని ద్రోహి అన్నట్టు కాదు.

దాచినవాడు చిక్కుతాడు

పిన్నిగారి తమ్ముడి సలహా సంగతి చెప్పనేలేదు. దరఖాస్తు పెట్టాక పరిశోధకుడు వచ్చి మనిషిని ఎదుట కూర్చోబెట్టుకుని అడుగుతాడు. ఇరుగుపొరుగును అడుగుతాడు, తోటి ఉద్యోగులను అడుగుతాడు. తెలిసి అబద్ధం వ్రాస్తే ఆ 13 సూత్రాలలో నడవడికి సంబంధించిన మరొకటి వచ్చి మీద పడుతుంది. పైగా అది నేరం; అయిదేళ్ళదాకా జైలుశిక్ష ఉండవచ్చు.

తమ్ముడు ఏ ఉద్యోగం చేయాలో అన్న చేతిలో లేదు. దానికి సమాధానం చెప్పుకోవచ్చు. అబద్ధం మాత్రం అతని సొంతం. పైగా, తమ్ముడి ఉద్యోగం దాచిపెట్టినవాణ్ణి, ఆ గుట్టు తెలిసినవాడెవడైనా రేపు బెదిరించవచ్చు. దేనికి భయపడి ఈ ప్రశ్నలన్నీ వేస్తున్నారో, ఆ ఉరి ఇతను స్వయంగా పేనుకున్నట్టవుతుంది.

అనుమతి వచ్చాక కూడా చెప్పుకోవడం ఆగదు. 2017నుంచి ఉన్న మరొక నిబంధన ప్రకారం, సొంతపనిమీద విదేశాలకు వెళ్ళాలంటే ముందుగా తెలియజేయాలి. దీన్ని విని పిన్నిగారు గతుక్కుమన్నారు. "ఏదైనా కానిది జరిగితే వాడు రావడానికి లేదా?" అన్నారు, మాస్టారివైపు చూడకుండా.

ఉన్నది. ఆపద సమయంలో పైవారికి ఒక్క మాట చెప్పి బయలుదేరవచ్చు. తిరిగి వెళ్ళాక అయిదు పనిదినాల్లో పూర్తి వివరాలు ఇవ్వాలి. ఆ సంగతి విన్నాక ఆవిడ లోపలికి వెళ్ళి కాఫీ తెచ్చారు.

రెండు గళ్ళు

మరునాడు ఉదయం మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని, నల్లసిరా కలంతో తానే జవాబులు వ్రాయడం మొదలుపెట్టారు. పుట్టిన తేదీకి బళ్ళో వేసినదే వేశారు. అన్ని కాయితాల మీదా ఉన్నది అదే గనుక. భార్య పుట్టిన ఊరు వ్రాసి, తాలూకా, జిల్లా చేర్చారు. ఎన్నాళ్ళకొకసారి మాట్లాడుకుంటారు అన్నచోట, "ప్రతి ఆదివారం. పండుగలకు అదనం" అని వ్రాశారు. అల్లుడి పక్షాన నేను వేసిన జోకుకు మాత్రం నవ్వలేదు. వియ్యంకుడిగారి పుట్టిన తేదీ ఫోనులో అడిగి రాసుకున్నారు.

చిన్నవాడి ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి కలం ఒక్క నిమిషం ఆగింది. హైదరాబాదుకు ఫోను చేసి, "మీ ఆఫీసు పేరు పూర్తిగా చెప్పు. నువ్వు కూడా మీ పైవాళ్ళతో ఒక మాట చెప్పి ఉంచు" అన్నారు. చెప్పినది చెప్పినట్టు వ్రాశారు.

అన్నీ అయ్యాక కాయితం నాకిచ్చి తప్పులు చూడమన్నారు. ఆయన కాయితంలో తప్పులు నేను దిద్దడం అదే మొదటిసారి. తప్పులేమీ లేవు. ఆయన పేరుకు ఎదురుగా రెండు గళ్ళున్నాయి. ఒకదానిలో పౌరసత్వం: భారతదేశం. రెండోదానిలో దరఖాస్తుదారుతో సంబంధం: తండ్రి.

"రెండూ సరిగ్గానే ఉన్నాయిరా" అన్నారు.

ఇది జరిగి రెండు నెలలయింది. అక్కడినుంచి ఫలితమేదీ ఇంకా రాలేదు. ఇటువంటివాటికి నెలలు పడతాయట. ఆదివారం ఉదయం మాస్టారి ఇంటిముందుగా వెళుతుంటే పిన్నిగారి గొంతు వీధిలోకి వినబడుతూనే ఉన్నది. మనవరాలికి తెలుగు అక్షరాలు ఎంతవరకు వచ్చాయని అడుగుతున్నారు.